రెండొందల నలభై అడుగులు

ఉరవకొండ బస్టాండు వెనక సందులో
మోటార్లకు రాగితీగ చుట్టే కొట్టు నాది.
గుంతకల్లులో పని నేర్పిన హుసేనప్ప
మొదటి రోజే స్టార్టర్ డబ్బా మూత తీసి
కెపాసిటర్ రెండు కాళ్ళకూ స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టాడు.
టప్పుమని నీలం మెరుపు.
"కరెంటు పోయి గంటాయ, సూస్తివా?
ఇది సచ్చినట్ల పండుకోనుంటాది. నమ్మాకు.
ముట్టుకునే ముందు సంపల్ల."
ఇరవై రెండేళ్ళు చంపుతూనే ఉన్నాను

వన్నూరక్క వచ్చేంతవరకు.

చేతిసంచిలో చచ్చిన టార్చిలైట్లు మూడు.
ఆమె చేనికి కరెంటు రాత్రి ఒంటిగంటకు,
ఎప్పుడు పోతుందో లైన్‌మన్‌కూ తెలీదు.
మోటారు ఆగిన క్షణం నుంచి ఇంటి గడప దాకా
రెండొందల నలభై అడుగులు.
నడుమ వంక, వంకలో రాళ్ళు,
రాళ్ళ కింద ఉండేవాటిని
పట్టపగలు కూడా పేరు పెట్టి పిలవలేదామె.
"ఛార్జింగు పెట్టేది మర్చిపోతాన్నా పీరన్నా,
మడికి నీళ్ళు గట్టేదే సరిపోతాది.
తనంతట తానే తాగి, తనంతట తానే ఎలిగేది
యేమన్నా ఉంటే సెయ్యి."

పాత మీటర్ల చెత్తలో దొరికింది
పదిరూపాయల బిళ్ళంత కెపాసిటర్, ఒక్క ఫారడ్.
బ్యాటరీ మాదిరి నెలలకొద్దీ దాచే పిసినారి కాదు.
కడుపు చిన్నది, ఆకలి పెద్దది.
బోరు నీళ్ళు మొదటి మడి దాటేలోపు నిండిపోతుంది.
దానికో తెల్ల ఎల్‌ఈడీ, ఒక రెసిస్టర్, మా ఇంటి సబ్బుపెట్టె.
స్టార్టర్ పక్కన పాత ఫోను ఛార్జరుకు తగిలించడం,
కరెంటు పోతే ఊడబీకి నడవడం.

మర్నాడు వచ్చి "తొంభై" అనింది.
తొంభై అడుగులకు వంకగట్టు.
మంచి చోటే ఆరిందని నవ్వింది.

రెసిస్టర్ మార్చాను. వెలుగు అమ్మి కాలం కొన్నాను.
నూట అరవై.
మళ్ళీ మార్చాను. నూట తొంభై ఐదు,
"కానీ అది ఎలుగు గాదన్నా, పాలు కలిపిన చీకటి."

ఆరిపోయిన పెట్టెకు మీటరు పెట్టి చూస్తే
ఇంకా రెండున్నర వోల్టులు!
తెల్లదానికి అంతకన్నా తక్కువైతే ముద్ద దిగదు,
అన్నం ఉండగానే విస్తరి మడిచేస్తుంది.
ఎర్రది అట్ల కాదు. కరువులో పుట్టిందేమో,
ఒకటిన్నర దాకా గిన్నె నాకుతుంది.
పక్కనే ఒక ఎర్రదాన్ని అతికించాను.

నాలుగు దినాలు మనిషి లేదు.
ఐదోనాడు వచ్చి, బెంచీ మీద కూచొని, నీళ్ళడిగింది.
"వంక దాటినంక తెల్లది పాయ. ఎర్రది నిల్చుకొనింది.
దాంతో దోవ కనపడదు, అబద్ధమెందుకు.
కానీ ఎవురో బీడీ తాగుతా
ముందర పోతాన్నట్లుంటాది."
ఎవరని నేనడగలేదు.

గడప కాడ కూడా ఆరలేదంట.
లోపల గూట్లో పెట్టి, దాన్నే చూస్తా పండుకొనిందంట.
ఎప్పుడు ఆరిందో, ఎప్పుడు నిద్ర పట్టిందో,
రెండిట్లో ఏది ముందో తెలీదంది.

ఇప్పుడు తెచ్చింది స్విచ్చుకు పట్టిన తుప్పు కోసం.
మూత తీశాను.
చెయ్యి తనంతట తానే స్క్రూడ్రైవర్ అందుకుంది.
మీటరులో ఒకటీ పాయింటు నాలుగు.
ఎవరినీ వెలిగించలేని, ఎవరినీ కొట్టలేని కరెంటు.
హుసేనప్ప ఉంటే తిట్టేవాడే.
తుప్పు మాత్రం గీకి
ఉన్నదాన్ని ఉన్నట్టే మూత బిగించాను.

"ఎంతియ్యాల?"
లెక్కల పుస్తకంలో ఆమె పేరు కింద
తొంభై, నూట అరవై, నూట తొంభై ఐదు.
తొంగిచూసి బెదిరింది.
"అవి అడుగులక్కా, రూపాయలు గాదు" అన్నాను,
రెండొందల నలభై రాస్తూ.

"ఇంగ నాలుగు ఏసుకో," అనింది వన్నూరక్క,
"గూడు లోపలుంటాది గదా."